తువ్వాలు చాటు బేరం

ఆ వేసవి మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: అరసవల్లి గుడి రోడ్డులో కొబ్బరికాయల కొట్టుకీ లాడ్జికీ మధ్య ఇరుక్కున్న చిన్న షాపు, టీవీకి తగిలించుకుని ఆడే, అద్దెకిచ్చే గేమ్ మిషన్లు కొన్ని, కూర్చోడానికి ఒక ఇనుప స్టూలు, దాని మీద పరుచుకోడానికి మా నాన్న తువ్వాలు. వీటికి తోడు మా బావ ప్రమోద్ మీద కోపం. సరుకంతటిలోకీ విలువైనది అదే. రెండేళ్లుగా దాన్ని తడి తగలకుండా దాచుకున్నాను.

ప్రమోద్ నా చెల్లెలు ఈశ్వరి మొగుడు. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో మేమిద్దరం కలిసి 'ఈశ్వరి గేమ్స్' పెట్టాం. పెట్టుబడి నాది, మాటలు అతనివి. కుర్రాళ్లు గంటల లెక్కన ఆడుకోడానికి వచ్చేవాళ్లు, కొనుక్కోడానికి వచ్చేవాళ్లు. బాగానే సాగింది. నేను పచ్చకామెర్లతో మంచం ఎక్కినప్పుడు అతను బిల్డింగు ఓనరు దగ్గరికి వెళ్లి, అగ్రిమెంటు తన ఒక్కడి పేరు మీద తిరగరాయించుకున్నాడు. నేను లేచి వెళ్లేసరికి నా స్టూలు గుమ్మం బయట మెట్టు మీద ఉంది. లోపల నాన్న తువ్వాలుతో ప్రమోద్ మిషన్ల దుమ్ము తుడుస్తున్నాడు.

"సోటు సాల్డం నేదు బావా," అన్నాడు, ఆడుకుంటున్న కుర్రాళ్ల ముందే. "నువ్వు వేరేగా సూసుకో. అయినా పశువుల సంత తువ్వాలేసుకుని ఎవుడైనా గేమింగ్ షాపులో కూకుంటాడేటి?"

కుర్రాళ్లు నవ్వారు. నేను తువ్వాలు తీసుకుని దులిపి భుజాన వేసుకున్నాను. స్టూలు పట్టుకుని ఆటో ఎక్కాను.

మా నాన్న నారాయణవలస సంతలో ఎడ్ల బేరగాడు. అమ్మేవాడి చేతినీ కొనేవాడి చేతినీ తువ్వాలు కిందకి చేర్చి, వేళ్లు పట్టించి ధర తేల్చేవాడు. ఒక వేలు పట్టుకుంటే ఒక ధర, రెండు పట్టుకుంటే ఇంకో ధర. పిడికిలి మొత్తం పట్టుకుంటే మంద మొత్తం అడుగుతున్నట్టు. పట్టుకున్న చెయ్యి మెత్తబడిందంటే ఒప్పుకున్నట్టు. చుట్టూ జనం నిలబడి ఎంత తొంగిచూసినా బేరం ఆ రెండు చేతులకే తెలిసేది. చిన్నప్పుడు మమ్మల్నిద్దర్నీ సంతకి తీసుకెళ్లేవాడు. నేను గడ్డిమోపుల దగ్గర కాపలా, ఈశ్వరి ఆయన భుజం మీద.

మార్చి ఆఖరులో, పరీక్షలు ముగుస్తున్నాయనగా, లీకు వచ్చింది.

మిషన్లు తయారుచేసే కంపెనీ బయటపెట్టని కాగితాలేవో ఫోటోలై ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. ఇప్పుడున్న మిషనుకి పై మెట్టు మిషను ఒకటి తయారవుతోందట. పేరు ప్రో అట. బొమ్మ ఇంకా వేగంగా, ఇంకా స్పష్టంగా ఉంటుందట. దసరాకి బజార్లోకి వస్తుందట. కంపెనీ అవునని అనలేదు, కాదనీ అనలేదు. అనకపోయేసరికి అందరూ అవుననే అనుకున్నారు.

ప్రమోద్‌కి ఇంతకంటే ఏం కావాలి. ఫోన్ ఎదురుగా పెట్టుకుని వీడియోలు మొదలుపెట్టాడు. "ఒరే గుంటల్లారా, ఇది కుళాయి లీకు కాదురా, కంపెనీ లీకు. ప్రో వచ్చిందంటే మీ ఇంట్లో ఉన్నది పాత ఇనుపే. తూకానికేసుకోవాల మరి." టెక్కలి నుంచి విజయనగరం దాకా కుర్రాళ్లందరూ ఆ వీడియోలు చూశారు. లీకు ప్రమోద్ అని పేరు పెట్టారు. ఆ పేరు అతనికి నచ్చింది. షాపు బోర్డు కింద రాయించుకున్నాడు కూడా.

తరువాత స్కీము పెట్టాడు. ఇప్పుడే పాత మిషను ఇచ్చి, పైన కొంత అడ్వాన్సు కడితే, దసరాకి జిల్లాలో మొదటి ప్రో వాళ్లకే. చెన్నైలో ఒక డీలరుకి టోకున ఆర్డరు పెడతానన్నాడు. కుర్రాళ్లు ఇంట్లో ఏడ్చి, అలిగి, మిషన్లు సంచుల్లో వేసుకుని డే అండ్ నైట్ జంక్షన్‌లో దిగారు.

నేనూ ఆ లీకు కాగితాలు చూశాను. అందరూ బొమ్మల వేగం రాసి ఉన్న పేజీ దగ్గర ఆగిపోయారు. నేను ఆఖరి పేజీ దాకా వెళ్లాను. అక్కడ వైఫై గురించి ఒక వరస ఉంది. కొత్త రకం వైఫై. అది నడిచే తరంగానికి మన దేశంలో అప్పటికి అనుమతి లేదు.

ఇది నేను ఎక్కడో చదివి తెలుసుకున్నది కాదు, చేతులు కాల్చుకుని తెలుసుకున్నది. షాపు కలిసి ఉన్న రోజుల్లో గల్ఫ్ నుంచి వచ్చే మనిషి చేత ఆ రకం రౌటర్లు తెప్పించాను. విశాఖలో కస్టమ్స్ వాళ్లు ఆపేశారు. పొద్దుట వెళ్లి ఆ ఆఫీసు బల్ల మీద కూర్చున్నవాణ్ణి, సాయంత్రం దాకా అనుమతి లేని తరంగాల గురించి గోడకి అంటించిన నోటీసు చదువుతూనే ఉన్నాను. ప్రమోద్‌ని రమ్మని ఫోన్ చేస్తే, "కాగితాల గొడవ నాకేల బావా, నాది మాటల డిపార్టుమెంటు," అన్నాడు. సరుకు తిరిగి రాలేదు. ఆ నోటీసు మాత్రం నాకు కంఠతా వచ్చింది.

అంచేత నా లెక్క తేలిగ్గా తేలిపోయింది. లీకు అబద్ధమైతే ప్రో అనేదే రాదు. లీకు నిజమైతే ప్రో మన దేశానికి రాదు. ఎటు తిప్పి చూసినా ప్రమోద్ లేని సరుకుని అమ్ముతున్నాడు, ఉన్న సరుకుని తిడుతున్నాడు.

ఈ మాట మా ఆవిడ రాజకుమారితో ఒక్కదానితోనే అన్నాను. ఆమె గోంగూర వలుస్తూ, "అయితే ప్రమోదన్నియ్యకి సెప్పీండి. ఆ ఇంట్లో ఈశ్వరి ఉన్నాది కదా," అంది.

"సెప్పడానికి నా స్టూలు లోపలుండాల కదేటి."

రాజకుమారి పుల్లలు ఒక పక్కకి, ఆకులు ఒక పక్కకి వేసుకుంటూ కూర్చుంది.

ఆ మర్నాటి నుంచి నేను ఏడవడం మొదలుపెట్టాను. షాపుకి ఎవరు వచ్చినా అదే పాట. "మునిగిపోయాను బాబూ. ప్రో వస్తన్నాదంట. ఈ మిషన్లు ఎవుడు ముట్టుకుంటాడు." నమ్మకం కుదరడానికి ఒక మిషను నష్టానికి అమ్మాను కూడా. కొబ్బరికాయల కొట్టు గురమ్మ జాలిపడి టీ ఇప్పించింది. నా ఏడుపు నాగావళి దాటి జంక్షన్‌కి చేరింది. అనుకున్నట్టే ప్రమోద్ బండేసుకుని చూడ్డానికి వచ్చాడు.

"ఏటి బావా, మొకం అలగున్నాది?" బండి దిగకుండానే అడిగాడు.

"నీకు తెలీదేటి."

"నాను సెప్తాను ఇను. కొబ్బరికాయలు పెట్టీ. సూర్యనారాయణమూర్తి దయ వల్ల దానికి ప్రో రాదు."

గురమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, "మరి నీ దగ్గర పోగైన పాత మిషన్లు ఏటి సేస్తావు బావా? దసరా దాకా ఉంచితే సిల్లికాణీ రాదు," అన్నాను.

"ఎవుడికో ఒకడికి తోసీడమే."

"ఆమదాలవలసలో గణపతిరావు మావని ధాన్యం వ్యాపారి ఉన్నాడు. పాత మిషన్లు కొంటన్నాడని ఇన్నాను. నాకైతే మొకం సెల్లక అడగలేదు."

ప్రమోద్ కళ్లలో లెక్క కదిలింది. "నువ్వు మంచోడివే బావా," అని బండి తిప్పుకున్నాడు.

గణపతిరావు మావ నాన్నకి స్నేహితుడు. అతను కొన్నాడు, డబ్బు నాది. ఉన్నదంతా ఊడ్చాను, రాజకుమారి అన్నదమ్ముల దగ్గర కొంత తెచ్చాను. స్టేషనుకి దగ్గర్లోనే అతని ధాన్యం గొడౌను. ధర పడేకొద్దీ ప్రమోద్ దగ్గర నుంచి విడతలు విడతలుగా మిషన్లు వచ్చి, బస్తాల వెనక గోడవారన పేరుకున్నాయి. మావ వాటి చుట్టూ తిరిగి, "ఏటిరా ధనరాజూ, ఈటికి పురుగు పట్టదా?" అనేవాడు.

"పట్టదు మావా."

"ఎలకలో?"

"ఎలకలకి ప్రో కావాలట."

మే నెలలో ఒక ఆదివారం ఈశ్వరి గుడికి వచ్చింది. ఆదివారమైతే అరసవల్లిలో అడుగు పెట్టడానికి ఉండదు. ఆ రద్దీలో చెమటలు కక్కుకుంటూ నా షాపు దాకా వచ్చి గుమ్మంలో కూలబడింది. స్టూలు ఇవ్వబోతే వద్దంది. ప్రసాదం పొట్లం విప్పి సగం నా చేతిలో పెట్టింది.

"అన్నియ్యా, ఆ ప్రో నిజంగా వస్తాదా?"

"ఏల?"

"పాత మిషన్లన్నీ అమ్మీసి, ఆ డబ్బూ అడ్వాన్సులూ అన్నీ కలిపి చెన్నై పంపుతానంటన్నారు. నాకేటో మనసొప్పడం నేదు. నువ్వు సెప్పు. నువ్వు వద్దంటే నాను అడ్డం పడతాను. నా మాట ఇంటారు."

"అందరూ వస్తాదనే అంటన్నారు కదే."

"అందరి మాట కాదు. నీ మాట సెప్పు."

నేను తువ్వాలు అంచు సరిచేసుకున్నాను. "నా షాపు సూడు. నా మొకం సూడు. రాదనుకుంటే ఇలాగుంటానేటి?"

ఆమె నా ముఖం చూసింది. "నువ్విలాగుంటే నాకు బాగుండదు అన్నియ్యా," అంది. "దసరా అయ్యాక ఆయనకి సెప్పి లోపల ఒక మూల నీకు ఇప్పిస్తాను. కోపాలు పెట్టుకోకు."

"ఎండ ముదురుతున్నాది. బేగి ఎల్లు," అన్నాను.

గుడి వైపు నుంచి వచ్చే జనంలో ఆమె ఆకుపచ్చ చీర కనబడినంతసేపు కనబడింది. ప్రసాదం తిన్నాను. బెల్లం ఎక్కువైంది. ఆ వారంలోనే ప్రమోద్ షాపులో ఉన్న ఆఖరి మిషన్లు ఆమదాలవలస చేరాయి, డబ్బు చెన్నై చేరింది.

వినాయక చవితి పందిళ్లు వేస్తున్న రోజుల్లో కంపెనీ నోరు విప్పింది. లీకు నిజమే. ప్రో ఉంది. ఫలానా ఫలానా దేశాల్లో అమ్ముతారు. ఆ జాబితాలో మన దేశం లేదు. నాలుగు రోజులకి కారణం కూడా బయటికి వచ్చింది. ఆ వైఫైయే.

మొదటి రోజు ప్రమోద్ వీడియో పెట్టాడు, వస్తుందనీ, ఆలస్యమవుతుందనీ. రెండో వీడియో పెట్టలేదు. కుర్రాళ్లు వచ్చారు, తండ్రుల్ని తోడు తెచ్చుకుని. తండ్రులకి ప్రో అంటే ఏమిటో తెలీదు. వాళ్లకి కావలసింది ఒకటే, ఇంట్లోంచి వెళ్లిపోయిన పెట్టె ఇంటికి రావాలి. బజార్లో చూస్తే పాత మిషన్ల ధర ఎగబాకింది. ప్రో రాదని తెలిశాక ఉన్నదాన్ని ఎవరూ వదలడం లేదు. చెన్నై డీలరు డబ్బు తిరిగిస్తానంటున్నాడు గానీ, నెలలు పడుతుందంటున్నాడు. ఒక తండ్రి షాపు షట్టరు మీద చెప్పుతో కొట్టాడని గురమ్మ చెప్పింది. నేను ఆ రోజు ఆమెకి టీ ఇప్పించాను.

ప్రమోద్‌కి మిగిలిన దారి ఒకటే. అమ్మిన చోటే తిరిగి కొనుక్కోవాలి. "రేపు మీ బావ వస్తన్నాడ్రా, మీ సెల్లి కూడా వస్తాదంట," అని గణపతిరావు మావ ఫోన్ చేశాడు. నేను స్టూలూ తువ్వాలూ తీసుకుని ముందే వెళ్లి గొడౌనులో కూర్చున్నాను.

వాళ్లు బస్సు దిగి నడిచి వచ్చారు. వెలుగులోంచి లోపలికి వచ్చిన ప్రమోద్‌కి ముందు నేను కనబడలేదు.

"గణపతిరావు గారూ," అన్నాడు.

"మావ బోయినానికి ఎల్లాడు. మిషన్లు నావి," అన్నాను.

అతను నన్ను చూశాడు. నా వెనక గోడవారన ఉన్న పెట్టెల్ని చూశాడు. పెట్టెల మీద అతని షాపు స్టిక్కర్లే ఉన్నాయి. పక్కనున్న ధాన్యం బస్తా మీద మెల్లిగా కూర్చున్నాడు. ఈశ్వరి తలుపు దగ్గరే నిలబడింది.

"నీకు ముందే తెలుసా బావా?"

"కాగితం ఆఖరి దాకా సదివాను."

గొడౌను చివర కలాసీలు బస్తాలు పేరుస్తున్నారు. ఆ చప్పుడు ఆగాక ప్రమోద్ బస్తా మీద ముందుకి జరిగాడు. "సరే. బేరం సెప్పు," అన్నాడు.

"నోటితో సెప్పను."

స్టూలు మీది తువ్వాలు తీసి మా మధ్య పరిచాను. అతను దాన్ని గుర్తుపట్టాడు.

"ఇదేటి, సంతా?"

"సంతే. సెయ్యి పెట్టు."

ఈశ్వరి వైపు ఒకసారి చూసి చెయ్యి పెట్టాడు. మాటలు తప్ప ఏ బేరమూ తెలియని చెయ్యి, మెత్తగా ఉంది, చెమట పట్టి ఉంది. పిల్లాడికి అక్షరాలు నేర్పినట్టు వేళ్ల లెక్క నేర్పాను. ఒకటి అంటే ఇది, రెండు అంటే ఇది, పిడికిలంటే మొత్తం, సెయ్యి మెత్తబడితే సరేనన్నట్టు. అతను తలాడించాడు. చిటికెన వేలు పట్టుకుని వదిలేశాను. రెండు వేళ్లు పట్టుకుని వదిలేశాను. వదిలినప్పుడల్లా అతని ముఖంలోకి కొంచెం ఊపిరి వచ్చేది. అప్పుడు పిడికిలి మొత్తం పట్టుకున్నాను.

"మొత్తమంటే..." అతను నా వైపు వంగి గొణిగాడు. "షాపా?"

"పైకి అనకు. అందుకే కదా తువ్వాలు."

అతని వేళ్లు విడిపించుకోవాలని చూశాయి. నేను వదల్లేదు. రెండేళ్ల కిందట మెట్టు మీద ఉన్న స్టూలు, కుర్రాళ్ల నవ్వు, ఆటోవాడు ఎక్కడికని అడిగితే చెప్పడానికి ఊరు తోచకపోవడం, అన్నీ ఆ చేతిలో ఉన్నాయి. బయట ఏదో గూడ్సు బండి పోతోంది. అది పోయేలోపే అతని చెయ్యి మెత్తబడింది.

"తేలిందా?" అంది ఈశ్వరి.

"ఏటీ నేదు. మేం మేం సర్దుకున్నాం," అన్నాడు ప్రమోద్.

ఆమె మా ముఖాలు చూడ్డం లేదు. తువ్వాలు కేసి చూస్తోంది.

"పిడికిలి పట్టావా అన్నియ్యా?"

నేను ఎడం చేత్తో తువ్వాలు అంచు సరిచేశాను.

"నాన్న భుజం మీద కూకుని నాను సూసింది తువ్వాలే కదా," అంది. "మీరందరూ మొకాలు సూసీవోరు. గుడ్డ ఎలగ లేస్తే ఎన్ని వేళ్లో నాకు తెలుసు."

గూడ్సు చప్పుడు దూరమైపోయింది. ఆమె రెండడుగులు ముందుకి వచ్చింది.

"ఆ ఆదివారం నాడు కూడా తెలుసా నీకు? నాను అడిగినప్పుడు?"

"తెలుసు."

"ఎద్దుకి సెడ్డ సుడుంటే నాన్న వెంట్రుకలు పక్కకి తీసి మరీ కొనీవోడికి సూపించీవోడు."

"నాన్న స్టూలు ఎవుడూ గుమ్మం బయట పెట్టలేదు," అన్నాను.

ఆమెకి అది అర్థం కాలేదు. అర్థం కాలేదని నాకు అప్పుడే తెలిసింది. "స్టూలేటి? నువ్వే వద్దని ఎలిపోయావన్నారు కదా," అంది. అని, మొగుడి వైపు తిరిగింది. "బయట పెట్టారా?"

ప్రమోద్ రెండో చేత్తో బస్తా కుట్టుకి ఉన్న దారం పీకుతున్నాడు.

ఈశ్వరి వంగి, మా ఇద్దరి చేతుల మీంచి తువ్వాలు లాగింది. కింద నేనింకా అతని పిడికిలి పట్టుకునే ఉన్నాను. అప్పుడు వదిలాను. ఆమె తువ్వాలు దులిపి, నాన్న మడత పెట్టినట్టే నిలువుగా మడిచింది.

"మిషన్లు నీవి. షాపు నీది. ఇది నాన్నది," అని చంకలో పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది. ప్రమోద్ ఆమె వెనక, కలిసి నడుస్తున్నట్టు కనబడనంత దూరంలో నడిచాడు.

మిషన్లకి బదులుగా, దసరాకి షాపు అగ్రిమెంటు నా పేరు మీదికి మారింది. మిషన్లు ఎవరి పెట్టె వాళ్లకి ప్రమోద్ చేతులతోనే ఇప్పించాను. తండ్రులు అతన్ని అన్న మాటలు నా ఎదురుగానే అన్నారు. మొత్తం విన్నాను, మధ్యలో ఎవర్నీ ఆపలేదు. మిగిలిన మిషన్లు పెరిగిన ధరకి అమ్ముకుని రాజకుమారి అన్నదమ్ముల బాకీ తీర్చేశాను.

ప్రమోద్ ఇప్పుడు విజయనగరంలో ఒక మొబైల్ షోరూమ్‌లో పనిచేస్తున్నాడు. మాటలకి జీతం ఇస్తారు అక్కడ. పెళ్లిళ్లలో ఎదురుపడితే "ధనరాజ్ గారూ" అంటాడు. బావా అన్న పిలుపు పోయింది, నాకు లోటేమీ లేదు. ఈశ్వరి రాజకుమారికి ఫోన్ చేస్తుంది. ఒకసారి ఫోన్ నేనే ఎత్తితే, "బాగున్నారా అన్నియ్యా," అంది. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరినీ మీరు అనని మనిషి. బాగున్నానని చెప్పి ఫోన్ రాజకుమారికి ఇచ్చాను.

ఇక చేతికి వచ్చినవి. డే అండ్ నైట్ జంక్షన్‌లో షాపు వచ్చింది. 'ఈశ్వరి గేమ్స్' బోర్డు వచ్చింది. కింద లీకు ప్రమోద్ అన్న అక్షరాల మీద రంగు కొట్టించాను, పై పేరు ఉంచాను. ఆ పేరు గల మనిషి ఇంతవరకు గుమ్మం తొక్కలేదు. స్టూలు లోపలికి వచ్చింది, ముందు ఎక్కడ ఉండేదో అక్కడే వేశాను. మధ్యాహ్నమయ్యేసరికి అద్దాల్లోంచి ఎండ పడి ఇనుము కాలుతుంది. ఖాళీ మిషను పెట్టె ఒకటి చింపి, ఆ అట్ట పరుచుకుని కూర్చుంటున్నాను.